వరసలో ఒక ఖాళీ

3, సోమవారం

పొద్దున్నించీ ముసురు. పడీ పడనట్టు పడుతోంది. విత్తనాల షెడ్డు ముందు బస్తాలు దింపేవాళ్ళు పట్టా కప్పుకుని కూర్చున్నారు. నా గదిలో వానా ఎండా ఒకటే. రెండు కంప్యూటరు మిషన్లు, ఒక ఫ్యాను, ఒక కుర్చీ. కుర్చీ ఒకటే కాబట్టి వచ్చినవాళ్ళు ఎక్కువసేపు ఉండరు. అదొక సుఖం.

ఇవాళ్టి పని: పాత మిషన్లోని నలభై వేల పైచిలుకు ఫైళ్ళను కొత్తదాన్లోకి మార్చడం మొదలు. 28న పాతదాన్ని ఆపెయ్యాలని ఆర్డరు. సూపరింటెండెంటు గారు అప్పుడే మూడుసార్లు వచ్చారు. ఆయన్ని ఆఫీసంతా తొందర సారు అంటారు, ఎదురుగా తప్ప.

"ఎంతవరకు వచ్చింది?"

"ఇప్పుడే మొదలుపెట్టాను సార్."

"అయితే అయిపోయినట్టే కదా."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం.

ఫైళ్ళు వచ్చేస్తాయి. ఎవరు ఏది తెరవచ్చు, ఎవరు దేన్లో రాయవచ్చు అన్న జాబితాలు మాత్రం వాటి వెంట రావు. జాబితా ఉన్న ఫైలు పక్కన చిన్న ప్లస్ గుర్తు ఉంటుంది. ఊరికే కాపీ చేస్తే అది ఊడిపోతుంది. అందుకని ఒక ప్రోగ్రాము రాస్తున్నాను. ఒక్కో ఫైలు దగ్గరికీ వెళ్ళి నీ జాబితా చూపించు అని అడుగుతుంది, చూపించింది రాసుకుంటుంది. తర్వాత కొత్త మిషన్లో అదే జాబితా అదే ఫైలుకు తగిలిస్తుంది.

మనుషుల పట్టిక సంగతి బెంగ లేదు. అది పదకొండేళ్ళుగా నేనే చూస్తున్నాను. 1001 నుంచి 1070 దాకా ఒక్క నంబరు ఖాళీ లేదు. వరసలో ఖాళీ ఉంటే నాకు పన్ను ఊడిన నోరులా కనిపిస్తుంది.

4, మంగళవారం

ప్రోగ్రాము రెండు వేల ఫైళ్ళ దాకా గుర్రంలా పరిగెత్తింది. పది వేలకు ఎద్దు అయింది. ఇరవై వేలకు కూలబడింది. కారణం చిన్నదే. జాబితా అడిగినప్పుడల్లా మిషను దాన్ని పెట్టడానికి కాస్త చోటు ఇస్తుంది. పనయ్యాక ఆ చోటు తిరిగి ఇచ్చెయ్యాలి. నేను ఇవ్వలేదు. పక్కింట్లోంచి రోజుకో గిన్నె తెచ్చుకుని ఒక్కటీ కడిగి ఇవ్వనట్టు. ఇరవై వేల గిన్నెలు.

తిరిగి ఇచ్చే వరుస చేర్చాను. మళ్ళీ గుర్రం.

5, బుధవారం

ఫోల్డరుకు రెండు జాబితాలు ఉంటాయని తెలుసు. ఒకటి దానిది. రెండోది దాని లోపల ఇకముందు పుట్టే ఫైళ్ళకు ఇచ్చేది. తెలిసీ మొదటిదే అడిగాను. రాత్రి అన్నం దగ్గర మా ఆవిడతో చెప్పాను.

"మీరెప్పుడూ అంతే. ఉన్నవాళ్ళ సంగతే చూస్తారు, రాబోయేవాళ్ళది గుర్తుండదు," అంది. ఆమె అంటున్నది నీళ్ళ ట్యాంకు గురించి, చుట్టాలొస్తే నీళ్ళు చాలవని.

7, శుక్రవారం

ఒక వింత. జాబితాల్లో పాత ఫైళ్ళు చూస్తున్నాను. పద్నాలుగేళ్ళ కిందటి ఫోల్డరు. దానిలో రాయడానికి అనుమతి ఉన్నవాళ్ళలో మొలకలమ్మాయి పేరు ఉంది.

మొలకలమ్మాయి అంటే గింజలు మొలకెత్తించి లెక్కపెట్టే గదిలో పనిచేసే పిల్ల. చేరి ఐదేళ్ళు దాటింది. ఇంకా తాత్కాలికమే. ఈ నెలాఖరుకు పర్మనెంటు ఆర్డరు రావాలి. పద్నాలుగేళ్ళ కిందట ఆమె ఎనిమిదో తరగతిలో ఉండి ఉంటుంది.

మళ్ళీ నడిపాను. మళ్ళీ అదే పేరు. మొత్తం 312 చోట్ల.

9, ఆదివారం

మధ్యాహ్నం ఇంట్లో తాళం చెవుల పంచాయితీ. తలుపుకు ఐదు చెవులు చేయించాం. నాదొకటి, ఆవిడదొకటి, అత్తయ్యదొకటి, ఎదురింటి దర్జీ దగ్గర ఒకటి. ఐదోది లేదు.

"ఎవరికిచ్చారు?" అంది ఆవిడ.

"నేనెవరికీ ఇవ్వలేదు."

"నేనూ ఇవ్వలేదు."

"నా మీదికి రాకండి, నాకు నాది వెతుక్కోడానికే కళ్ళజోడు కావాలి," అన్నారు అత్తయ్య.

చెవి దానంతట అది నడిచి వెళ్ళదు కదా అంటే, మన ఇంట్లో వెళ్ళొచ్చు అన్నారు. తాళం మార్చెయ్యాలన్నాను.

10, సోమవారం

తెలిసింది. జాబితాలో పేర్లు ఉండవు. నంబర్లే ఉంటాయి. చదివి చూపించేటప్పుడు ఆ నంబరు ఈ రోజు ఎవరిదో పట్టికలో చూసి, ఆ పేరు అతికిస్తుంది.

ఆ 312 చోట్ల ఉన్నది 1043. అది వెనకటి మొలకల మాష్టారి నంబరు. ఆయన రిటైరై ఆరేళ్ళయింది. పేరుకు ఉద్యోగి గానీ, అందరికీ పని నేర్పింది ఆయనే కాబట్టి మాష్టారనే అనేవాళ్ళం. ఆయన వెళ్ళాక 1043 ఖాళీ అయింది. తర్వాత ఆ అమ్మాయి చేరినప్పుడు ఎవరో ఆ నంబరు ఆమెకు ఇచ్చారు. దాంతో ఆయన తాళాలన్నీ ఆమెకు తెరుచుకున్నాయి. ఆయన పాత ఫలితాల ఫోల్డరుతో సహా. అది లెక్క ముగించి మూసేసిన ఏళ్ళ ఫలితాలు ఉండేది. తాత్కాలికం పిల్ల దానిలో రాయగలగడం చిన్న విషయం కాదు. తొందర సారుకు తెలిస్తే ఆర్డరు మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమే ఉండదు.

అప్పటి వాళ్ళు కాస్త చూసుకుని ఉండాల్సింది.

11, మంగళవారం

మొలకల గదికి వెళ్ళాను. ఊరికే. వెచ్చగా, తడి కాయితాల వాసనతో ఉంది. ట్రేలన్నీ అరల్లో ఉన్నాయి. కిటికీ గట్టు మీద మాత్రం విడిగా ఆరేడు ఉన్నాయి.

"ఇవేంటి?"

"మొండివి సార్," అంది. "గడువులోపల మొలవనివి చచ్చినట్టు రాసేస్తాం కదా. అవి పారెయ్యకుండా ఇంకో వారం చూస్తా. వందకు నాలుగైదు లేస్తాయి. నిద్రమత్తువి."

"ఎక్కడ రాస్తావు?"

"'మొండివి' ఫోల్డర్లో. మాష్టారు పెట్టింది."

"అది నీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు సార్. నేను చేరిన రోజే తెరుచుకుంది. తెరుచుకుంది కాబట్టి నా పనే అనుకున్నా. పైన రాసి కూడా ఉంది, నా తర్వాత వచ్చేవాళ్ళకి, గడువు అయిపోగానే ట్రే పారెయ్యకు అని. ఆయన తర్వాత వచ్చింది నేనే కదా."

"ఆయన్ని ఎప్పుడైనా చూశావా?"

"లేదు. కానీ మనిషి తెలుసు. కోపం వస్తే వాక్యం చివర చుక్క పెట్టరు."

ఆయన రాసిన ప్రతి మాట కిందా జవాబు రాస్తుందట. ఆయన, ఈ ఉల్లి గింజకు పొగరు, అని రాస్తే, ఈమె కింద, ఇంకా తగ్గలేదు మాష్టారూ, అని రాసింది. ఐదేళ్ళుగా. ఆయన చూడరని తెలుసా అంటే, చూడకపోతే ఏం, అంది.

వచ్చేశాను.

12, బుధవారం

ప్రోగ్రాములో ఒక వరుస చేర్చాను. 1043 కనిపిస్తే దాటేయమని. తాత్కాలికంగా.

14, శుక్రవారం

ఎండ. అందరినీ కొత్త మిషన్లో ఒకసారి చూసుకోమన్నాం. పదకొండింటికి మొలకలమ్మాయి వచ్చింది. కుర్చీలో నేనుంటే తలుపుకు ఆనుకుని నిలబడింది.

"సార్, నా మొండివాళ్ళు కొత్తదాన్లో తలుపు తియ్యట్లేదు."

"కొత్త మిషను కదా, సర్దుకుంటుంది."

"కొత్త కోడలా సార్, సర్దుకోడానికి?"

నవ్వాను. సోమవారం చూస్తానన్నాను. ఇది ఆమె మంచికే. అనుమతి లేకపోతే ప్రశ్న లేదు. ప్రశ్న లేకపోతే ఆర్డరు వచ్చేస్తుంది. ఆ తర్వాత నెమ్మదిగా ఆ ఫోల్డరు ఒక్కటీ ఇప్పించవచ్చు. అందరికీ మంచిది.

17, సోమవారం

పై ఆఫీసు నుంచి తనిఖీ ఆయన దిగాడు. సన్నగా, చెవి మీద పెన్సిలు. నా కుర్చీలో కూర్చున్నాడు. ఏమీ అడగకుండా పాత జాబితాలు ఎన్ని వరుసలో లెక్కపెట్టాడు, కొత్తవి ఎన్నో లెక్కపెట్టాడు.

"పాతవి 41,206. కొత్తవి 40,894. మూడొందల పన్నెండు ఎక్కడికెళ్ళాయి?"

"చూస్తానండి."

"చూడండి. నేను 28 దాకా ఇక్కడే. మీ భోజనాల గదిలో టీ బాగుంది."

18, మంగళవారం

తొందర సారు గదిలోకి పిలిచారు. తనిఖీ ఆయన తీసుకొచ్చిన కట్టలో మొలకలమ్మాయి ఆర్డరు కూడా ఉందట. అప్పగించే లోపల ఈ 312 సంగతి తేలాలట. అవన్నీ ఒకే నంబరువని ఆయన అప్పటికే పట్టుకున్నాడు. నేను చెప్పలేదు.

"ఆ పిల్లే ఏదో చేసుంటుంది," అన్నారు తొందర సారు. "ఈ కాలం పిల్లలకు రాని విద్య లేదు. తొందరగా పేరు కొట్టేసి పంపించేద్దాం."

"ఆ అమ్మాయికి అవేమీ రావు సార్."

"మీకెలా తెలుసు?"

నేను ఎందుకు ఉలిక్కిపడ్డానో నాకే తెలియదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. కంప్యూటరు గది అన్నాక తిలాపాపం తలా పిడికెడు. ఆర్డర్లు ఇచ్చేవాళ్ళు, సంతకాలు పెట్టేవాళ్ళు, అందరూ ఉన్నారు. నా ఒక్కడిదే అని ఎలా అంటాం.

సాయంత్రం మోటారు బాగుచేసే మెకానిక్కు ఇంటికొచ్చాడు. ఐదో తాళం చెవి తెచ్చాడు.

"మీరే ఇచ్చారు కదండీ, ట్యాంకు పనికి మీరు ఇంట్లో లేకపోతే తలుపు తీసుకోమని. పనయ్యాక రెండుసార్లు వచ్చా, మీరు దొరకలేదు."

"నేనా?"

"మీరేనండి. గుమ్మంలో నిలబడి ఇచ్చారు. గొడుగు కూడా మర్చిపోయి లోపలికెళ్ళారు, నేను పిలిచిచ్చా."

గొడుగు గుర్తొచ్చింది.

అతను వెళ్ళాక ఆవిడ నవ్వుతూ కూర్చుంది, లేవలేదు. అత్తయ్య మాత్రం చెవిని మేకుకు తగిలిస్తూ, "ఇచ్చినవాడు మర్చిపోతాడు గానీ తీసుకున్నవాడు మర్చిపోతాడా నాయనా," అన్నారు. ఇద్దరికీ ఆఫీసు సంగతి తెలియదు.

అప్పటి వాళ్ళు అని 10వ తేదీన రాశాను. వెనక్కి తిప్పి చూశాను. అప్పటి వాళ్ళంటే నేనే. పదకొండేళ్ళుగా ఇక్కడ నేను తప్ప ఇంకెవరూ లేరు.

19, బుధవారం

పదింటికి వెళ్ళి చెప్పేశాను. తనిఖీ ఆయన, తొందర సారు, ఇద్దరూ ఉన్నారు.

"ఆ విద్య నాదే సార్. ఆమెకు ఆ నంబరు నేనే ఇచ్చాను."

"ఎందుకు?" అన్నాడు తనిఖీ ఆయన.

"ఖాళీగా ఉంది కదా అని. వరస బాగుంటుందని."

ఆయన పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎలా జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పండి."

"జాబితాలో నంబర్లే ఉంటాయి, పేర్లు ఉండవు. పాత మనిషి నంబరు కొత్త మనిషికి ఇస్తే పాత మనిషి తాళాలన్నీ ఇచ్చినట్టే."

"రెండయ్యాయి. మరి కొత్త మిషన్లో ఆ 312 ఎందుకు లేవు?"

"అవీ నేనే దాటించాను. నా తప్పు బయటపడకుండా."

ఇది అనేదాకా, ఆమె కోసమే దాటించాననుకుంటున్నాను. నోట్లోంచి వచ్చాక తెలిసింది ఏది నిజమో.

తొందర సారు నన్ను చూసిన చూపు రాయను. కాసేపు ఆయన కూడా తొందరపడలేదు.

తనిఖీ ఆయన రాసుకున్నాడు. నాకు మెమో వస్తుంది. తర్వాత అడిగాడు: "సరే. ఆమె రాయగలిగింది. రాసిందా?"

మూసిన ఫలితాల ఫోల్డర్లో ఫైళ్ళు ఎప్పుడెప్పుడు మారాయో తీశాం. అన్నీ ఆమె చేరకముందువే. ఒక్కటి తప్ప. ఉల్లి, తొమ్మిదేళ్ళ కిందటిది. నాలుగేళ్ళ కిందట మారింది.

తేదీ ఇంకోసారి తీశాను. అదే వచ్చింది.

20, గురువారం

ఆమెను పిలిచారు. నేనూ ఉన్నాను. అబద్ధం ఆడుతుందేమో అనుకున్నాను, ఆడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"దిద్దాను సార్," అంది. "నాలుగు కాయితాల మీద వంద గింజలు. పదిహేడు, పద్దెనిమిది, పదహారు, పదిహేడు మొలిచాయని వివరం ఉంది. కలిపితే అరవై ఎనిమిది. కింద మొత్తం మాత్రం ఎనభై తొమ్మిది అని ఉంది. కూడిక తప్పని దిద్ది, పక్కన తేదీ వేసి, దిద్దినట్టు రాశా."

"ఉల్లికి డెబ్బై దాటితేనే పాసు. పాసైన విత్తనాల లాటును నువ్వు ఫెయిలు చేశావు," అన్నాడు తనిఖీ ఆయన.

"గింజలే ఫెయిలయ్యాయి సార్. నేను కూడిక వేశా, అంతే."

తొందర సారు దగ్గారు. అది నవ్వు ఆపుకోడానికేనని నాకు తెలుసు.

తనిఖీ ఆయన మాత్రం నవ్వలేదు. ఆ నాలుగు అంకెలు తప్పా, కింది మొత్తం తప్పా అన్నది లెక్కపెట్టిన మనిషే చెప్పాలన్నాడు. చెబితే ఆర్డరు ఇచ్చేస్తాడు. లేకపోతే ఆర్డరు తనతో పాటే 28న వెనక్కి.

21, శుక్రవారం

మాష్టారికి ఫోను చేశాను. చెవి సరిగ్గా వినపడదు. ఉల్లి అని మూడుసార్లు అరిస్తే బయట బస్తాలవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"మొండిదా?" అన్నారు.

"ఏది మాష్టారూ?"

"ఆ పిల్ల."

"మీ అంతే."

వచ్చే శుక్రవారం బస్సుకు వస్తానన్నారు. పాత చీటీలు ఇనప్పెట్టెలో ఉన్నాయట. వెతకాలట. దొరుకుతాయో లేదో చెప్పలేరట.

24, సోమవారం

1043 దాటించే వరుస తీసేశాను. ప్రోగ్రాము మళ్ళీ నడిపాను. 41,206.

ఆమెను క్షమించమని అడగలేదు. తలుపు దగ్గర కనపడితే, "నంబరు తప్పు నాది," అన్నాను. "తెలుసు సార్," అంది. "భోజనాల గదిలో అందరికీ తెలుసు."

26, బుధవారం

వాన. ఆర్డరు ఇంకా బల్ల మీదే ఉంది. తనిఖీ ఆయన దాని మీద టీ గ్లాసు పెట్టబోతే తొందర సారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన అలా చేస్తారనుకోలేదు.

28, శుక్రవారం

తెల్లారేసరికి తెరిపిచ్చింది. మాష్టారు పన్నెండింటి బస్సుకు దిగారు. సన్నబడ్డారు. చేతిలో చెప్పుల అట్టపెట్టె. దాని నిండా చీటీలు, ఏటికాయేడు దారంతో కట్టినవి. ఒక్కో ట్రేకు తగిలించే చిన్న చీటీలు. మొత్తం దాని మీద వేసి, దాన్ని చూసి మిషన్లోకి ఎక్కించేవారు.

తనిఖీ ఆయన బల్ల చుట్టూ అందరం నిలబడ్డాం. నా గదిలోంచి నా కుర్చీ తెచ్చి మాష్టారికి వేశాను. ఆయన తొమ్మిదేళ్ళ కిందటి కట్ట విప్పి, ఒక్కొక్కటే చూస్తూ, ఉల్లి చీటీ తీసి బల్ల మీద పెట్టారు.

89.

మొలకలమ్మాయి మొహం చూడలేక నేను ఫ్యాను చూశాను.

ఆమె మాత్రం వంగి చూసి, "మాష్టారూ, దారం కట్టే చిల్లు కిందికి ఉందేంటి?" అంది.

చీటీకి చిల్లు పైనుంటుంది. మిగతా చీటీలన్నిటికీ పైనే ఉంది. మాష్టారు కళ్ళజోడు సర్దుకుని, వేలితో చీటీని బల్ల మీద నెమ్మదిగా తిప్పారు.

68.

"ఓరి నీ," అన్నారు. "ఆ ఏడు ఆ లాటు కొన్న రైతులు వచ్చి నా మీద అరిచారు, గింజ మొలవలేదని. మీరు నీళ్ళు పెట్టడం తప్పన్నా. ఒక్కొక్కరికీ చెప్పా, బోర్డు మీద బొమ్మ గీసి మరీ."

"తలకిందులుగా పట్టుకుని ఎక్కించారు," అన్నాడు తనిఖీ ఆయన.

"పట్టుకున్నా. ఎవరూ కూడి చూడలేదు, నాతో సహా. ఈ పిల్ల చూసింది." ఆమె వైపు తిరిగారు. "దిద్ది నా పేరు కింద ఏం రాశావు?"

ఆమె సిగ్గుపడింది. "కూడిక తప్పు మాష్టారూ, అలసిపోయి ఉంటారు, అని."

"అలసిపోలేదు. తొందర."

అందరూ ఒకేసారి సూపరింటెండెంటు గారిని చూసి, ఒకేసారి చూపు తిప్పుకున్నారు. ఆయనకు ఆ పేరు తెలుసని అప్పుడు తెలిసింది. ముందు ఆయనే నవ్వారు.

మాష్టారు కాయితం మీద సంతకం పెట్టారు. తనిఖీ ఆయన ఆర్డరు ఆమె చేతికిచ్చాడు. నా మెమో నా చేతికిచ్చాడు. రెండూ ఒకే రంగు కాయితం.

మధ్యాహ్నం ఆమెకు కొత్త నంబరు ఇచ్చాను, 1071. మూసిన ఫలితాల్లోంచి 1043 తీసేశాను. 'మొండివి' ఫోల్డరుకు మాత్రం 1071 రాశాను, రెండు జాబితాల్లోనూ, తొందర సారు సంతకంతో. పట్టికలో 1042 తర్వాత 1044 ఉంది. రెండుసార్లు చూశాను. అలాగే ఉంచాను.

మాష్టారు 'మొండివి' తెరిపించుకుని మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టారు, ఐదేళ్ళ జవాబులు. మధ్యలో రెండు చోట్ల ఆమె లెక్క తప్పని దెబ్బలాట. కిటికీ గట్టు మీది ట్రేలు దింపి ఇద్దరూ గింజ గింజా లెక్కపెట్టారు. ఆమె లెక్కే సరి.

పాత మిషను 4:10కి ఆపాను. తనిఖీ ఆయన 4:30కి వెళ్ళాడు. తొందర సారు 4:31కి. మాష్టారు ఐదు గంటల బస్సుకు వెళ్ళాల్సింది, ఆరున్నర బస్సుకు వెళ్ళారు. మొలకలమ్మాయి అదే బస్సుకు. నేను 6:40కి.